నీళ్ళ గంట

మొన్న బ్యాంకులో వరుసలో నిలబడి ఉంటే వెనక ఎవరో పెద్దావిడ ఫోనులోని రికార్డు గొంతును తిడుతోంది.

"నేను మాట్లాడతా ఉంటే మధ్యలో దూరతావేంది? గమ్మునుండి ఇను!"

గబుక్కున వెనక్కి తిరిగాను. ఆమె కాదు. ఎలా అవుతుంది, ఈ వేసవిలోనే పోయింది కదా. తిరిగి చూసినందుకు ఆ పెద్దావిడ నన్నూ ఒక చూపు చూసింది. నేను నవ్వి ముందుకు జరిగాను గానీ, వచ్చిన పని సరిగ్గా చేసుకోలేకపోయాను. ఇంటికి నడుస్తున్నంత సేపూ మా ఎదురింటి అత్త నా పక్కనే చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తున్నట్టే ఉంది.

అత్త అని పిలవడమే గానీ మాకు చుట్టరికం ఏమీ లేదు. చిత్తూరులోనూ తర్వాత తిరుపతిలోనూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకునే కాలంలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఒక తీగ పీకి ఇంకో తీగ గుచ్చి, ఊళ్ళకు ఊళ్ళను కలిపిన మనిషి. ఆ అలవాటు ఆమె చేతిని వదల్లేదు. ఏదైనా ఆలోచించేటప్పుడు కుడిచెయ్యి గాల్లోకి లేచి, కనపడని తీగనొకదాన్ని లాగి ఇంకోచోట గుచ్చేది. చింతపండు బేరమాడేటప్పుడు కూడా అంతే. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా సరే, మనం ఒక్క క్షణం పరధ్యానంగా ఉంటే "లైన్లో ఉండావా?" అని అడిగేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకు "లైను దొరకలా" అని చెప్పి, వాళ్ళు నవ్వాలో వద్దో తేల్చుకునేలోగా వెళ్ళిపోయేది.

ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. కాఫీ గేటు దగ్గర నిలబడి తాగేది. పేపరు నిలబడి చదివేది. మా ఇంటికొస్తే కుర్చీ వేసినా దాని వీపు పట్టుకుని నిలబడేది. తిరుమలకు మెట్లదారిన నడిచి వెళ్ళినప్పుడు మధ్యలో కూలబడిన వాళ్ళను చూసి విసుక్కునేదట. "దేవుడు పైన నిలబడుకోనుండాడు, వీళ్ళు ఈడ కూసోనుండారు" అని ఆమె ఫిర్యాదు.

అలాంటి మనిషిని కూర్చోబెట్టింది మా వీధి కొళాయి.

అలిపిరి వైపు పోయే రోడ్డులోంచి లోపలికి తిరిగితే మా వీధి. కొండ వైపు ఎత్తుగా మొదలై కిందికి జారుతూ పోతుంది. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ వేళకని మాత్రం అడగకూడదు. వాల్వు తిప్పే మునెయ్యకు కూడా తెలీదు. అందుకని నీళ్ళ రోజు ఇంట్లో ఒకరు కాపలా ఉండాల్సిందే. కొళాయి తిప్పి కింద స్టీలు గిన్నె పెట్టుకునేవాళ్ళం. గిన్నెలో చినుకు పడ్డ చప్పుడు వినగానే పరుగెత్తి మోటరు వేసుకోవడం. నిజానికి ఆ పైపుకు నేరుగా మోటర్లు తగిలించకూడదు. అందరం తగిలించుకున్నాం.

ఒకరోజు ఆమె శ్రీకాళహస్తిలో తనతో పనిచేసిన స్నేహితురాలి షష్టిపూర్తికి బయల్దేరాలి. పట్టుచీర కట్టుకుని నీళ్ళ కోసం కాచుకుంది. ట్యాంకు నిండేసరికి అక్కడ భోజనాలు కూడా అయిపోయే వేళైంది. ఆ చీరతోనే మా ఇంటికొచ్చింది.

"ఒక కొళాయికి నేను కాపలా కుక్క మాదిరి ఉండాల్నా మే? ఊరికంతా ఫోన్లు కలిపిన దాన్ని. నీళ్ళొచ్చినాయని ఒక కబురు కలపలేనా?"

ఆ వారంలోనే పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనింది. మామూలు మాటల్లో చెబితే ప్రోగ్రాం రాసిపెట్టే ఏఐలు వచ్చాయని ఎక్కడో వీడియోలో చూసిందట. ల్యాప్‌టాప్‌ను చిన్న ఫ్రిజ్ మీద పెట్టింది, నిలబడి పనిచేయడానికి ఆ ఎత్తు సరిపోయిందని. టైపు చేసేది కాదు. మైకు నొక్కి చెప్పేది. ఒకరోజు నేను కరివేపాకు కోసం వాళ్ళింటికి వెళ్ళి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఇను అప్పా. మా వీధిలో నీళ్ళు ముందర ఎవురింటికొస్తే వాళ్ళు ఫోన్లో ఒక బటన్ నొక్కాల. నొక్కినెంబడే అందరి ఫోన్లూ మోగాల. అర్థమైందా? లైన్లో ఉండావా?"

తెర మీద జవాబు బారెడు వచ్చింది. కళ్ళజోడు కనపడలేదని నన్ను చదవమంది. "మీ ఆలోచన చాలా అద్భుతంగా ఉంది. ఇది మీ సమాజానికి ఎంతో ఉపయోగపడుతుంది" అని మొదలుపెట్టాను.

"పొగడబాకప్పా!" అని ల్యాప్‌టాప్ మీద అరిచింది. "ముందర గంట మోగతాదా లేదా సెప్పు."

మొదట మోగలేదు. తర్వాత మోగితే ఆగలేదు. ఒకసారి ఆమె ఫోను ఒక్కటే మోగింది, ఒకసారి ఉత్త తెల్ల తెర వచ్చింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చినప్పుడల్లా వాటిని గట్టిగా చదివి దానికే వినిపించి, "ఇదేంది? నువ్వు రాసిందే గదా" అని నిలదీసేది. అది క్షమాపణ చెప్పేది. "క్షమించమని ఎవురడిగినారు? సరి సెయ్యి" అనేది. రోజుల తరబడి ఎదురింట్లో ఈ తగువు వింటూ మావాళ్ళు ఆమె ఎవరితోనో కోర్టు దావా నడుపుతోందనుకున్నారు.

చివరికి అయింది. ఇంటింటికీ తిరిగి అందరి ఫోన్లలోనూ తనే పెట్టించింది. పచ్చరంగు బటన్ ఒకటి, దాని మీద 'వచ్చినాయి' అని. మొదటిసారి వీధి మొత్తం ఒకేసారి గంట మోగినప్పుడు నేను బడిలో పాఠం చెబుతున్నాను. ఇంటికి ఫోను చేసి మోటరు వేయమన్నాను, వేశారు. అంతే. గిన్నెలు అటకెక్కాయి. ఆడవాళ్ళం బజారుకు వెళ్ళాం, సినిమాకు వెళ్ళాం. వీధిలో అందరూ దాన్ని నీళ్ళ గంట అన్నారు. ఎవరైనా మెచ్చుకుంటే ఆమెకు ఇబ్బంది. "సరే సరే, యాడన్నా ఇరుక్కుంటా ఉందా సెప్పు" అని అడిగేది.

ఇరుక్కున్న సంగతి చెప్పడానికి షమీమ్ వచ్చింది.

మా వీధి దిగువ చివర రేకుల గదుల వరస ఒకటుంది. అన్ని కుటుంబాలకూ కలిపి ఒకటే కొళాయి, మోటరు లేదు. షమీమ్ అక్కడ జాకెట్లు కుడుతుంది. మా అందరి జాకెట్లూ ఆమె కుట్టినవే. ఆ సాయంత్రం ఖాళీ బిందె చంకనేసుకుని అత్త గేటు దగ్గర నిలబడింది. నేను మా మెట్ల మీద ఉన్నాను.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీ గంట వచ్చినకాడ్నుంచి మాకి నీళ్ళు రావడంలేదు."

"అదెట్లా? గంటకీ నీళ్ళకీ ఏం సంబంధం? గంట ఉత్త కబురు."

"నాకి తెలీదమ్మా. ముందర సన్నగా అయినా వచ్చేవి. ఇప్పుడు కొళాయిలో గాలే."

"నేను సూస్తాను పో" అంది అత్త, కొంచెం కటువుగానే. షమీమ్ వెళ్ళాక కూడా గేటు పట్టుకుని నిలబడి ఉంది. కుడిచెయ్యి గాల్లో లేచి, ఎక్కడ గుచ్చాలో తెలియక ఆగిపోయింది.

తర్వాతి నీళ్ళ రోజు పొద్దున్నే వెళ్ళి రేకుల గదుల కొళాయి దగ్గర నిలబడింది. గంట మోగింది. పైనుంచి కిందిదాకా మోటర్లు ఒక్కసారిగా గుయ్యిమన్నాయి. కొళాయి దగ్గి, రవ్వంత నీళ్ళు ఉమ్మి, ఊరకుండిపోయింది. బిందెల వరస, వాటి వెనక మనుషుల వరస. ఎవరూ ఆమెనేమీ అనలేదట. అదే తట్టుకోలేకపోయానని తర్వాత నాతో చెప్పింది.

మునుపు ఎవరికి ఎప్పుడు తెలిస్తే అప్పుడు మోటరు వేసుకునేవాళ్ళం. ఒకరు పట్టుకుంటుంటే ఇంకొకరికి తెలిసేది కాదు. ఆ సందుల్లోంచి నీళ్ళు కిందికి జారేవి. గంట ఆ సందులన్నీ మూసేసింది.

అత్త ఇంటికొచ్చి ఫ్రిజ్ ముందు నిలబడింది. ఆ రోజు ల్యాప్‌టాప్‌ను తిట్టలేదు. రేకుల గదులకు గంట వెంటనే మోగాలి, పై ఇళ్ళకు అరగంట ఆలస్యంగా మోగాలి అని చెప్పింది. అది ఒక్క ప్రశ్న కూడా వేయకుండా చేసిపెట్టింది. వీధిలో ఎవరికీ తెలియదు. బటన్ నొక్కే ఒకరిద్దరికి తప్ప, చినుకు కోసం చెవులు రిక్కించే అలవాటు మాకు అప్పటికే పోయింది. రేకుల గదుల్లో బిందెలు నిండాయి. షమీమ్ అత్తకు సేమ్యా పాయసం తెచ్చిచ్చింది.

సంతోషించాల్సిన మనిషి, ఇంట్లో కాలు నిలపలేకపోయింది. గేటు దాకా వచ్చి లోపలికి పోయేది, మళ్ళీ వచ్చేది. "ఏంటత్తా?" అంటే ఏం లేదనేది. చివరికి ఒక మధ్యాహ్నం మా వంటింట్లో నిలబడి చెప్పేసింది.

"బాగానే జరుగుతోంది కదత్తా. చెప్పకుండా ఉండిపో" అన్నాను.

"చిత్తూర్లో ఉన్నప్పుడు ఒకాయన పోస్టాఫీసులో ట్రంకాల్ కి కాసుకోనున్నాడు. మద్రాసు ఆస్పత్రిలో పెండ్లాం కాన్పు. ఆయన ముందర ఒక ఆఫీసరు కాల్ ఉండాది, ఏదో ఊసుపోక కాల్. నేను ఈయన్ని ముందు కలిపేసినాను. ఆఫీసరు పైకి రాసినాడు, నన్ను ఇంకో ఊరికి ఏసినారు."

"మంచిపనే కదా చేశావు?"

"మంచిదే మే. ఇప్పుడైనా అదే సేస్తాను. అయితే ఎవుర్ని ముందు కలపాల్నో అనేది బోర్డు ముందర కూసోనున్న ఒక్కదాని చేతిలో ఉండిందే, అది మంచిది కాదు. నేను కాబట్టి కాన్పాయన్ని కలిపినాను. నా పక్క సీట్లో ఉన్నామె వాళ్ళ మరిదిని కలిపేది. ఆడ కాచుకోనున్న వాళ్ళకి ఎవురికీ తెలీదు, వాళ్ళని ఎవురు ఎనక్కి నెట్టినారో. ఇప్పుడు మీరంతా కాచుకోనుండారు. నేను నెట్టినాను."

ఆ ఆదివారం పొద్దున అందరినీ మిద్దింటాయన గేటు ముందర పోగుచేసింది. ఆయనది వీధిలో అన్నిటికంటే పెద్ద మిద్దె. పై అంతస్తుల గదులు యాత్రికులకు అద్దెకిస్తాడు. అత్త దాచకుండా చెప్పింది. గంట ఎందుకు ఆలస్యంగా మోగుతోందో, ఎవరికి ముందు మోగుతోందో.

అందరూ ఒకేసారి మాట్లాడారు. మిద్దింటాయన గొంతు పైకి వచ్చింది.

"మా నీళ్ళు ఆపేదానికి నువ్వెవరమ్మా?"

"నీళ్ళు ఆపలేదప్పా. కబురు ఆపినాను."

"రెండూ ఒకటే. కొండ దిగొచ్చినోళ్ళు నా గదుల్లో ఉండారు. వాళ్ళు స్నానాలు సెయ్యొద్దా? వాళ్ళకి నేనేం సెప్పాల?"

ఆయన మాటలో కూడా న్యాయం ఉంది. అత్త కాదనలేదు. "తప్పే. ఈపొద్దే తీసేస్తాను. మీరంతా కలిసి ఏమంటే అది పెడతాను" అంది. అందరూ కలిసి ఏమీ అనలేదు. కొంతమంది మొదటి అరగంట మోటరు వేయకుండా ఉంటామని ఒప్పుకున్నారు, కొంతమంది తల గోక్కున్నారు, కొంతమంది అక్కడే నిలబడి నీళ్ళ గంటను ఫోన్లోంచి తీసేశారు. అందరూ వెళ్ళాక గోడవార నిలబడి ఉన్న షమీమ్ ఒక్క మాట అడిగింది.

"అంటే మళ్ళా మాకి రావు. అంతేనా అమ్మా?"

అత్త ఇంట్లోకి పోయి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, టపటపా వీధి దిగువకు నడిచింది. ఏం చేస్తుందోనని నేనూ వెనకే వెళ్ళాను. షమీమ్ గదిలో కుట్టుమిషను, గుడ్డముక్కలు, ఒక మంచం. అత్త ఆ గుడ్డముక్కల మధ్య నేల మీద చతికిలబడింది. ఆమె అలా కూర్చోగా నేను చూడటం అదే మొదలు. ల్యాప్‌టాప్ తెరిచి మైకు నొక్కి షమీమ్ వైపు తిప్పింది.

"నీకేం కావాల్నో నువ్వే సెప్పు."

"నాకేం తెలుసమ్మా? మీరే సెప్పండి."

"నేను సెప్తే దాన్లో నా బుద్ధే వస్తాది. సూసినావు గదా ఏమైందో. నువ్వు సెప్పు. తెలుగులో సెప్పు, తురకంలో సెప్పు, దానికి అన్నీ వస్తాయి."

షమీమ్ చాలాసేపు తెరను చూసింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు కళ్ళు చిట్లించింది.

"ఈ 'వచ్చినాయి' అనేదానికి బటనుండాది. మాకి ఎప్పుడూ ఆ బటన్‌తో పని పళ్ళేదు. 'రాలేదు' అని సెప్పేదానికి బటన్ యాడుండాది?"

అత్త నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉంది. తర్వాత నా వైపు తిరిగి, "ఎక్స్ఛేంజిలో కూడా ఇంతే మే" అంది. "కలిసిన కాల్ కే లెక్క. కలవనోడు ఫోను పెట్టేసి పోయేవాడు. యాడికి పోయినాడో, ఏమైనాడో మేం ఎప్పుడూ అడగలా."

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ అక్కడే కూర్చుని ఎర్ర బటన్ పెట్టారు. చివరి కొళాయి వాళ్ళు నొక్కితే 'రాలేదు' అని అందరి ఫోన్లూ మోగుతాయి. నీళ్ళొచ్చి వాళ్ళే పచ్చ బటన్ నొక్కేదాకా మోగుతూనే ఉంటాయి. గంట కర్ణకఠోరంగా ఉండాలని షమీమ్ అడిగింది. అత్త ఒప్పుకోలేదు, గొంతులో మర్యాద ఉండాలంది. కాసేపు వాదించుకున్నాక షమీమ్ గెలిచింది.

నీళ్ళ గంటను తీసేసిన వాళ్ళ ఇళ్ళకు అత్త మళ్ళీ తిరిగింది. తిట్టిన వాళ్ళ గేట్ల ముందు కూడా నిలబడింది. "అరగంట ఆపమని నేను సెప్పను. ఆడ రాలేదని ఆ పిల్ల సెప్తాది, నువ్వు ఇంటావు. ఇన్నాక నీ ఇష్టం" అనేది. మిద్దింటాయన భార్య తన ఫోన్లో పెట్టించుకుంది. ఆయన పెట్టించుకోలేదు. ఎర్ర గంట మోగితే కొందరు ఆపేవాళ్ళు, కొందరు ఫోను దిండు కింద పెట్టేవాళ్ళు. రేకుల గదులకు ఒకసారి నీళ్ళు అందేవి, ఒకసారి అందేవి కావు. అత్తకు నిలకడ లేదు. పక్క వీధికి కూడా పెడతానని, మునెయ్య ఫోన్లో కూడా ఒక బటన్ ఉండాలని, ఏదో ఒకటి. చేతిలో ఎప్పుడూ ఒక తీగ లాగుతూనే ఉండేది.

ఎండలు ముదిరాక ఒకరోజు గుండెల్లో పట్టేసినట్టుందని తనే ఆటో పిలుచుకుని ఆసుపత్రికి వెళ్ళింది. నేను చూడ్డానికి వెళ్తే మంచం మీద పడుకోవడం చేతకాని మనిషిలా దుప్పటి తన్నేస్తూ ఉంది.

"మే, ఆ ల్యాప్‌టాపు ఆపబాకండి. అది ఆగితే గంట మోగదు."

"ముందు నువ్వు పడుకో అత్తా."

"షమీమ్ కి ఇచ్చెయ్. దాన్ని ఎట్ల తిట్టాల్నో ఆ పిల్లకి తెలుసు." కాస్త ఆయాసపడి, "పొగిడితే నమ్మొద్దని సెప్పు" అంది.

ఇంకేదో చెప్పబోయింది. నర్సు వచ్చి నన్ను పంపేసింది. మర్నాడు పోయింది.

చిత్తూరు నుంచి తమ్ముడి కుటుంబం వచ్చి ఇల్లు ఖాళీ చేసింది. ల్యాప్‌టాప్ సంగతి చెబితే ఆయన అడ్డు చెప్పలేదు. దాన్నిప్పుడు షమీమ్ కుట్టుమిషను పక్కన స్టూలు మీద పెట్టుకుంది. జాకెట్ తెచ్చుకోవడానికి వెళ్తే లోపల్నుంచి "అరే, సెప్పింది సెయ్యి, కథలు వద్దు" అని వినిపిస్తుంటుంది.

నిన్న సాయంత్రం నీళ్ళు వచ్చాయి. పచ్చ గంట మోగింది, నేను మోటరు వేసి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. కాసేపటికి ఎర్ర గంట మోగింది. విసుగొచ్చింది, దాచడమెందుకు. ట్యాంకు సగం కూడా కాలేదు. లేచి ఆపేశాను. పక్కింట్లో ఆపారు, ఆ పైన ఇంట్లో ఆపారు. ఒక్కో మోటరూ ఆగుతుంటే వీధి నిశ్శబ్దమైపోయి, ఒకే ఒక్క మోటరు చప్పుడు మిగిలింది. ఫోను మోగుతూనే ఉంది. పేపర్లు దిద్దలేకపోయాను. కూర్చోలేకపోయాను. చెప్పులేసుకుని మిద్దింటి గేటు దగ్గరికి వెళ్ళి పిలిచాను.

మిద్దింటాయన పైనుంచి తొంగిచూశాడు. "ఏందమ్మా?"

"మోటరు కాసేపు ఆపండి సార్. దిగువ రాలేదంట."

"ఆమె పోయింది గదమ్మా. ఇంకా ఏంది ఈ గోల?"

"ఆమె పోయింది సార్. నీళ్ళు రాలేదు."

ఆయన ఏదో అనబోయాడు. అంతలో ఇంటి లోపల ఎక్కడో టక్కుమని స్విచ్చి ఆపిన చప్పుడైంది. మోటరు ఆగింది. ఆయన వెనక్కి తిరిగి లోపలికి చూశాడు. వంటింటి కిటికీలో ఆయన భార్య, చేతులు పైటకు తుడుచుకుంటూ, నన్ను చూసి తలాడించింది.

నేను అక్కడే నిలబడ్డాను. ఆయనా పైన నిలబడే ఉన్నాడు. నా చేతిలో ఫోను ఇంకా మోగుతోంది, లోపల ఆమె ఫోనూ మోగుతోంది. చాలాసేపటికి రెండూ ఒక్కసారే ఆగిపోయి, పచ్చ గంట మోగింది.

"వచ్చినాయంట" అన్నాను పైకి చూసి.

"ఇనిపించిందిలేమ్మా" అన్నాడాయన.